రాజారత్నం గారి గోతిక్ ఆర్చి

ఆ సోమవారం పొద్దున రాజారత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. నాగాయలంకలో బందరు బస్సెక్కాలి, కిటికీ పక్క సీటు పట్టాలి, తాపీమేస్త్రి సత్తయ్యకు ఫోన్ చేసి ఒక ఆర్చి కట్టమని చెప్పాలి, ఆ తర్వాత బందరులో ఆఫీసువాళ్ళు పెట్టిన వారం రోజుల ట్రైనింగులో హాయిగా కునుకు తీయాలి. ఇందులో కునుకు ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఆర్చి ఎందుకయ్యా అంటే, తోడల్లుడు జీవన్ కుమార్‌కి ఉంది కాబట్టి. ఇంతకంటే కారణం వెతకడం దండగ. రాజారత్నం భార్య మేరీ. మేరీ చెల్లెలు బ్లెస్సీ. ఆ బ్లెస్సీ మొగుడు జీవన్ కుమార్ రొయ్యల చెరువుల మీద బాగా గడించి, అదే వీధి మొదట్లో మేడ కట్టాడు. ఆ మేడ కిటికీలు అందరి కిటికీల్లా చదరంగా లేవు. ప్రార్థనలో చేతులు జోడించినట్టు పైన మొనదేలి ఉన్నాయి. వాటికి ఎరుపూ నీలమూ అద్దాలు. దారినపోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ ఫొటోలు దిగుతున్నారు.

"దీన్ని గోతిక్ స్టైల్ అంటారన్నయ్యా. మధ్యయుగాల నాటిది. యూరప్‌లో పెద్ద పెద్ద కేథడ్రల్సన్నీ ఇదే" అని జీవన్ కుమార్ గృహప్రతిష్ఠ నాడు చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోకుండా, "మీ ఇల్లు కూడా బానే ఉంటుంది, గాలి బాగా వస్తుంది" అని చేర్చాడు. ఆ మాట రాజారత్నం గుండెల్లో ములుకులా దిగింది.

ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వమే ఎక్కడో ఫ్రాన్సులో చర్చిలకు పుట్టిన ఆ మొన, ఇంగ్లండు మీదుగా ఓడెక్కి, దొరలతో పాటు బందరులో దిగింది. అక్కడి నుంచి నాగాయలంక రావడానికి మాత్రం దానికి చాలా కాలం పట్టింది. వచ్చాక ఇక ఆగలేదు. జీవన్ కుమార్ కిటికీలు చూసి ఐసు ఫ్యాక్టరీ గేటు మొనదేలింది, సెల్‌ఫోన్ల కొట్టు మొనదేలింది, ఆఖరికి బస్టాండు పక్క టీ బడ్డీ కూడా ప్లైవుడ్డుతో ఒక మొన అతికించుకుంది. ఊరంతా మొనదేలుతుంటే తన ఇల్లు ఒక్కటే చదరంగా మిగిలిపోయిందని రాజారత్నానికి అన్నం సహించలేదు.

అన్నం సంగతి అలా ఉంచితే, అసలు దెబ్బ పాస్టర్ జాన్సన్ గారు కొట్టారు. ఏటా బిషప్ గారు సంఘానికి వచ్చిన ఆదివారం మధ్యాహ్న భోజనం రాజారత్నం ఇంట్లోనే. ఆ ఒక్క పూట కోసం రాజారత్నం సంవత్సరమంతా బతికేవాడు. ఈసారి పాస్టర్ గారు మెల్లగా నసిగారు.

"ఏమీ అనుకోకండి రాజారత్నం గారూ. జీవన్ గారింట్లో ఆ కిటికీల పక్కన కూర్చోబెడితే బిషప్ గారికి కేథడ్రల్లో భోంచేసినట్టు ఉంటుందని సంఘంలో అనుకుంటున్నారు."

అందుకే రాజారత్నం ఇంటి ముందు కొత్త పోర్టికో, దాని పక్క కొత్త బాత్రూమూ మొదలుపెట్టాడు. పోర్టికోకి ఒక్క గోతిక్ ఆర్చి లేచిందంటే బిషప్ గారి భోజనం మళ్ళీ తన ఇంటికే వస్తుంది. అదీ ఆయన ధైర్యం.

బస్సు అవనిగడ్డ దాటుతుండగా సత్తయ్య ఫోనెత్తాడు. డ్రైవరు ఏదో గేదెల మంద మీద కోపంతో హారను మీద చెయ్యి తీయడం లేదు.

"సత్తయ్యా! పోయినవారం చెప్పానే, ఆర్చి! గోతిక్ ఆర్చి కట్టాలి!"

"గోతికి ఆర్చా అండీ?" అన్నాడు సత్తయ్య.

"ఆఁ, గోతిక్ ఆర్చే. పైన మొనదేలి ఉండాలి."

"గోతికి ఎవరూ పెట్టించుకోరు గదండీ."

"అందుకే నేను పెట్టించుకుంటున్నాను. మన వీధిలో జీవన్ కుమార్‌కి తప్ప ఎవరికుంది?"

"జీవన్ గారి గోతికుందా! నేనెప్పుడూ చూళ్ళేదే!"

"నువ్వు చూడకపోతే లేనట్టా? దానికంటే ఎత్తుగా ఉండాలి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనపడాలి. ముందు ఆర్చి లేపు, మిగతా పనులన్నీ తర్వాత చూద్దాం."

సత్తయ్య ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాడు. ఇంటివాళ్ళ కోరికలకు కారణం అడిగితే పని పోతుందని అతనికి బాగా తెలుసు. ఆ రోజు రాజారత్నం ఇంట్లో ఉన్న గొయ్యి ఒక్కటే, కొత్త బాత్రూము కోసం కట్టిన సెప్టిక్ ట్యాంకు. దివిసీమలో కాస్త లోతు తవ్వితే నీళ్ళూరతాయి కాబట్టి అక్కడి గోతులు సగం భూమిలో, సగం పైన ఉంటాయి. వెనకవైపు కాలవ ఉన్నందున ఈ గొయ్యి ముందు వాకిట్లోకి వచ్చింది. ఒక మనిషి పడుకునేంత పొడవు, నడుం ఎత్తు, పైన పలకలు. సత్తయ్య దానికి తలవైపున ఇటుకలతో ఆర్చి లేపి, సిమెంటు పూసి, తెల్లరంగు వేసి, అందం తగ్గిందనిపించి నడిమధ్య చిన్న పువ్వు కూడా చెక్కాడు. ఆ పని అయ్యాక హంసలదీవిలో ఇంకెవరిదో పని ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం మేరీ ఫోన్ చేసింది. "ఆర్చి లేచిందండీ."

"ఎలా ఉంది?"

"చక్కగానే ఉంది. కానీ దానికి అవసరమంటారా?"

"దానికి కాకపోతే దేనికే? ముందు వైపుకే గదా ఉంది? అందరికీ కనపడుతోందా?"

"కనపడకేం, రోడ్డు మీద నిలబడి మరీ చూస్తున్నారు" అంది మేరీ.

రాజారత్నం ఆ పూట లాడ్జిలో పాట పాడుకుంటూ స్నానం చేశాడు. మేరీ మాత్రం ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ గొయ్యి వంక చూసింది. మొగుడి అసూయ ఆమెకు కొత్త కాదు. చెల్లెలు ఫ్రిజ్ కొంటే ఆయన అంతకంటే పెద్దది కొని వంటింటి గుమ్మం పగలగొట్టించిన మనిషి. కానీ ఆ అసూయ ఇంత దూరం, లెట్రిన్ గొయ్యి దాకా వస్తుందని ఆమె కల్లో కూడా అనుకోలేదు. సిగ్గేసింది.

ఆ సిగ్గులో ఉండగానే చేపల ముత్యాలమ్మ తట్టతో వచ్చింది. గేటు తీసి రెండడుగులు వేసి, తెల్లటి ఆర్చి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది? సారు ఇంత పని ఎందుకు చేశారమ్మా?"

"ఏం చెప్పను ముత్యాలమ్మా. ఆయనకున్న జబ్బు అలాంటిది."

"జబ్బా! ఎప్పట్నుంచమ్మా?"

"నా పెళ్ళైనప్పట్నుంచీ ఉంది. మా చెల్లెలు వాళ్ళు మేడ కట్టాక మరీ ముదిరింది."

"అయ్యో! మందు వాడట్లేదా?"

"దీనికి మందెక్కడిదే. మనిషితోనే పోవాలి" అని మేరీ నిట్టూర్చి, పండుగొప్పలు ఎలా ఇస్తున్నావని అడిగింది.

ముత్యాలమ్మ ఆ రోజు చేపలు బేరం ఆడకుండా ఇచ్చేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. వెళ్ళి ఊరుకుందా? తట్ట ఖాళీ అయ్యేలోపు, రాజారత్నం సారుకి నయంకాని జబ్బనీ, బతికుండగానే ఇంటి ముందు సమాధి కట్టించుకున్నారనీ, దగ్గరుండి పువ్వు కూడా చెక్కించుకున్నారనీ నాగాయలంక మొత్తానికి తెలిసిపోయింది.

శనివారం మధ్యాహ్నం రాజారత్నం ఊరికి వచ్చాడు. బస్సులో ఎనభై దాటిన ఓ ముసలావిడ లేచి, "నువ్వు కూర్చో నాయనా" అని తన సీటిచ్చింది. ఎందుకో అర్థం కాకపోయినా రాజారత్నం కూర్చున్నాడు. బస్టాండులో టీ బడ్డీ వాడు నమస్కారం పెట్టాడు. వీధిలో ఇద్దరు అతన్ని చూసి తలలు దించుకున్నారు. ఆర్చి దెబ్బకి తన హోదా పెరిగిందని రాజారత్నం ఛాతీ విరుచుకుని నడిచాడు.

ఇంటికొచ్చేసరికి పోర్టికో ఎప్పటిలాగే చదరంగా ఉంది. దాని పక్కన సెప్టిక్ ట్యాంకు మీద ధగధగలాడుతూ గోతిక్ ఆర్చి ఉంది. దాని చుట్టూ చాపలేసుకుని సంఘంలోని స్త్రీల సమాజం వాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు.

రాజారత్నం పడిపోకుండా గేటు పట్టుకున్నాడు. అది చూసి నలుగురాడవాళ్ళు బావురుమన్నారు.

"గోతిక్..." అన్నాడు రాజారత్నం.

"గోతికి ఇప్పుడే తొందరేంటండీ, దేవుడు స్వస్థపరుస్తాడు" అని పాస్టర్ జాన్సన్ గారు పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నారు. చెవి దగ్గర నోరు పెట్టి, "బిషప్ గారికి ఫోన్‌లో మీ సంగతి చెప్పాను. కదిలిపోయారండీ. రేపు కాక వచ్చే ఆదివారం భోజనం మీ ఇంట్లోనే చేస్తానని, మీకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తానని అన్నారు. జీవన్ గారికి కూడా చెప్పేశాం" అన్నారు.

రాజారత్నం నోట్లో ఉన్న నిజం అక్కడే ఆగిపోయింది. ఇది నా సమాధి కాదు బాబూ, లెట్రిన్ గొయ్యి అని ఒక్క మాట చెబితే ఊరంతా నవ్వుతుంది, బిషప్ గారి భోజనం వీధి మొదటికి వెళ్ళిపోతుంది. చెప్పకపోతే భోజనం దక్కుతుంది. ఆయన రెండు క్షణాలు ఆలోచించాడు. తర్వాత మెల్లగా దగ్గాడు.

లోపలికెళ్ళాక మేరీకి జరిగిందంతా అర్థమై నెత్తి కొట్టుకుంది. "ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"బిషప్ గారి భోజనం అయ్యేదాకా నోరు విప్పావంటే నా మీద ఒట్టే."

"నేను అబద్ధం చెప్పలేనండీ."

"చెప్పొద్దు. ఎవరడిగినా, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని చెప్పు. అది అబద్ధం కాదుగా."

ఆ వారం రాజారత్నం పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. మంచి ఆరోగ్యంతో, మంచి ఆకలితో ఉన్న మనిషికి ఊరంతా కలిసి రాగిజావ తెచ్చి పోసింది. పూటకొకరు గ్లాసుతో వచ్చి, తాగేదాకా కదిలేవారు కాదు. వంటింట్లో మేరీ తన కోసం వండుకున్న రొయ్యల ఇగురు వాసన వస్తుంటే, రాజారత్నం శాలువా కప్పుకుని జావ మింగేవాడు.

జీవన్ కుమార్ కూడా వచ్చాడు. పాపం, నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే ఆర్చి చుట్టూ తిరిగి, జానలతో దాని ఎత్తు కొలిచాడు.

"ఎందుకన్నయ్యా ఇంత తొందరపడ్డావు? ఇటుకేనా లోపల? రాయి కాదా?"

"ఇటుకే" అన్నాడు రాజారత్నం నీరసంగా. తోడల్లుడి కళ్ళలో కొత్తగా ఏదో మెరవడం చూసి, ఆ నీరసంలో కూడా ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. అది అసూయ. ఆ మెరుపు ఎలా ఉంటుందో రాజారత్నం కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

జీవన్ కుమార్‌కి మరి ఎందుకుండదు? ఊళ్ళో తన కిటికీలు చూసేవాళ్ళు లేరు. బండ్లన్నీ ఇప్పుడు రాజారత్నం ఇంటి ముందే ఆగుతున్నాయి. చర్చిలో రాజారత్నం పేరు మీద ఉపవాస ప్రార్థన పెట్టారు. అన్నిటికీ మించి ఇంట్లో బ్లెస్సీయే, "బావగారికి ఎంత ముందుచూపండీ! మీకెప్పుడైనా అలాంటి ఆలోచన వచ్చిందా?" అంది. అన్నది అక్క మొగుడి మీద జాలితోనే. కానీ జీవన్ కుమార్ ఆ రోజంతా అన్నం తినలేదు. మర్నాడు ఆయన ఇంటి గేటుకు పెద్ద టార్పాలిన్ పరదా కట్టారు. దాని వెనక బందరు మేస్త్రీలు రాళ్ళు కోస్తున్న చప్పుడు వారమంతా వినిపించింది. ఏం కడుతున్నారని అడిగితే, "ఆదివారం మీరే చూస్తారు" అని జీవన్ కుమార్ నవ్వాడు. బ్లెస్సీ మాత్రం నవ్వలేదు. ముఖం గంటు పెట్టుకుని గుడివాడలో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. బిషప్ గారు ఆరాధన ముగించుకుని రాజారత్నం ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కొర్రమేను పులుసు, పీతల కూర, రొయ్యల వేపుడు, గోంగూర. ఎదురుగా కూర్చున్న రాజారత్నం ముందు మాత్రం స్త్రీల సమాజం వాళ్ళు గ్లాసుడు జావ పెట్టారు. బిషప్ గారు చేప తల పక్కకు తీసి పెడుతుంటే రాజారత్నం కళ్ళు చెమర్చాయి. అది చూసి బిషప్ గారి కళ్ళూ చెమర్చాయి. ఇన్నాళ్ళుగా కోరుకున్న భోజనం తన ఇంట్లోనే జరుగుతోంది, తనకే దక్కడం లేదు.

భోజనమయ్యాక అందరూ వాకిట్లోకి వచ్చారు. రాజారత్నాన్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. బిషప్ గారు ఒక చేయి పలకల మీదా, ఇంకో చేయి రాజారత్నం తల మీదా పెట్టి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నీ సేవకుడు సిద్ధపరచుకొనిన ఈ స్థలమును చూడుము. ఇతడు తన భారమంతయు ఇక్కడ దించుకొని నెమ్మది పొందునట్లు కృప చూపుము."

"ఆమేన్" అన్నారందరూ. మేరీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని పాస్టర్ గారు ఆమెను ఓదార్చబోయారు.

సరిగ్గా అప్పుడే సత్తయ్య భుజం మీద పొడుగాటి పైపుతో గేటు తోసుకుని వచ్చాడు.

"కొంచెం జరగండి బాబూ. ఈ ఎయిర్ పైపు బిగించేస్తే నా పని అయిపోద్ది. సార్, రేపట్నుంచి వాడుకోవచ్చండి."

"ఏం వాడుకోవాలి?" అన్నారు బిషప్ గారు, చేయి ఇంకా పలక మీదే ఉంచి.

"లెట్రినండీ" అన్నాడు సత్తయ్య వినయంగా. "గోతికి ఆర్చి పెట్టమని సారే ఫోన్ చేశారు. నేను వద్దనే అన్నాను."

ఇక దాచి లాభం లేదు. రాజారత్నం శాలువా తీసేసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "గోతిక్ అని చెప్పానండీ. పోర్టికోకి. జబ్బు లేదు గిబ్బు లేదు. మీ భోజనం జీవన్ కుమార్ ఇంటికి పోతుందని... ఓర్వలేక ఊరుకున్నాను."

బిషప్ గారు పలక మీది చేయి తీసి చూసుకున్నారు. "గోతిక్... గోతికి..." అని రెండుసార్లు పలికి చూశారు. తర్వాత మొదలైంది నవ్వు. నిలబడలేక ఆ ఆర్చినే ఆసరాగా పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వితే పాస్టర్ గారు నవ్వారు, పాస్టర్ గారు నవ్వితే సంఘమంతా నవ్వింది.

"ముందు లోపలికెళ్ళి ఆ చేప తల తినండి రాజారత్నం గారూ" అన్నారు బిషప్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "మీరు దాన్నెలా చూశారో నేను గమనించాను."

రాజారత్నం తిన్నాడు. వారం ఆకలి తీరేలా తిన్నాడు. పరువు పోయినా భోజనం దక్కింది, అది చాలనుకున్నాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి జీవన్ కుమార్ పంపిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. బిషప్ గారు ఒక్క ఐదు నిమిషాలు వచ్చి టీ తాగి, తను కట్టించిన దాన్ని కూడా ప్రార్థనతో ప్రారంభించాలని కబురు.

నవ్వుకుంటూనే అందరూ వీధి మొదటికి నడిచారు. పైపు భుజం మీంచి దించకుండానే సత్తయ్య కూడా నడిచాడు. జీవన్ కుమార్ తెల్ల సూటు వేసుకుని ఎదురొచ్చి, టార్పాలిన్ తాడు లాగాడు.

ఎవరికీ నవ్వు మిగల్లేదు.

కారు పెట్టుకునే చోట పాలరాతి సమాధి ఉంది. దానికి తలవైపున ఒకటి కాదు, మూడు గోతిక్ ఆర్చిలు, ఒకదాన్ని మించి ఒకటి మొనదేలి ఉన్నాయి. మధ్య ఆర్చిలో నల్లరాతి పలక. దాని మీద బంగారు రంగు అక్షరాలతో జీవన్ కుమార్ పేరు, పుట్టిన తేదీ, ఆ పక్కన ఒక గీత. గీత తర్వాత ఖాళీ.

"మనిషన్నాక ముందుచూపు ఉండాలి గదండీ" అన్నాడు జీవన్ కుమార్ వినయంగా. "అన్నయ్య దానికంటే బాగుందంటారా?"

బిషప్ గారు గొంతు సవరించుకున్నారు. "దానికీ దీనికీ పోలికే లేదు బాబూ."

జీవన్ కుమార్ మొహం వెలిగిపోయింది. నిజం చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. కానీ సత్తయ్య అప్పటికే సమాధి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"పని బ్రహ్మాండంగా ఉందండీ. అన్నీ ఉన్నాయి గానీ, ఎయిర్ పైపు ఎక్కడ పెడతారండీ?"

"ఎయిర్ పైపా? దేనికి?"

"లేకపోతే వాసనొస్తది గదండీ" అన్నాడు సత్తయ్య.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి మనసు రాదు. జీవన్ కుమార్ ముందు నమ్మలేదు, తర్వాత రాజారత్నం ఇంటికి పరుగెత్తి బాత్రూము తలుపు తీసి చూశాడు, తిరిగొచ్చి తన సమాధి అంచు మీదే కూలబడ్డాడు. పాలరాయి గట్టిగా పాతుకుపోయింది, తీస్తే ముక్కలవుతుందట. గుడివాడ నుంచి బ్లెస్సీ ఫోన్ చేసి, అది అక్కడున్నంత కాలం ఆ గేటు తొక్కనని చెప్పింది.

రాజారత్నం ఆ రోజు సంతోషంగా ఉండాలి. బిషప్ గారి భోజనం ఆయన ఇంట్లోనే జరిగింది. తోడల్లుడు ఊరందరి ముందు తలదించుకున్నాడు. అయినా సాయంత్రం పోర్టికోలో కూర్చుని, సత్తయ్య కట్టిన ఇటుక ఆర్చినీ, దాని పక్కన కొత్తగా లేచిన పైపునీ చూస్తూ ఆయన టీ చల్లార్చుకున్నాడు.

"మళ్ళీ ఏమైందండీ?" అంది మేరీ.

"ఏం లేదే. మూడు ఆర్చిలు. ఆ బంగారు అక్షరాలు. ఎండ పడితే ఎలా మెరుస్తోందో చూశావా? మనకేముంది, లెట్రిన్ గొయ్యి."

మేరీ కప్పు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆఫీసు పని మీద మళ్ళీ బందరు బస్సెక్కగానే రాజారత్నం సత్తయ్యకు ఫోన్ చేశాడు. ఈసారి మాత్రం ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా రానివ్వకుండా, "సమాధి" అని అక్షరం అక్షరం విడదీసి మరీ చెప్పాడు.